అత్తగారి కాళ్ళు, అప్పు కాగితం, ఆదివారం డ్యూటీ

అందరికీ వందనాలు. పోయిన నెల ఈ పేజీలో నేను ఒక్కటే అడిగాను, మందిరం గేటు దాటి బయటికి వచ్చాక మీ విశ్వాసం ఎక్కడ తడబడుతోందో దాచకుండా రాయండి అని. ఉత్తరాలు, మెసేజ్‌లు కలిపి పెద్ద కట్టే వచ్చింది. రెండు రోజులు కూర్చుని చదివాను. త్రిత్వం గురించి, రెండో రాకడ గురించి ఒక్కరూ అడగలేదు. అందరి బాధా పక్కనున్న మనిషితోనే. అత్తగారు, అప్పు తీసుకున్నాయన, సంఘ పెద్ద, మంచం మీద ఉన్న నాన్న. నేను పాస్టర్‌ని కాను, ఇదే విశాఖలో 34 ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషిని, కాబట్టి నాకు తెలిసిన జవాబులు వార్డులో నేర్చుకున్నవే ఎక్కువ. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, ఐదు ఉత్తరాలు తీసుకున్నాను.

గాజువాక నుంచి ఒక సోదరుడు: అక్కా, నేను ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికుడిని. నెలలో రెండు ఆదివారాలైనా "ఏ" షిఫ్టు, అంటే పొద్దుటి షిఫ్టు, పడుతుంది, పొద్దున 6 గంటలకల్లా లోపల ఉండాలి. మా సంఘంలో ఒక పెద్దాయన అందరి ముందూ "డబ్బు కోసం దేవుణ్ణి వదిలేశావు" అన్నారు. అప్పటి నుంచి మందిరానికి వెళ్ళాలంటేనే టెన్షన్. ఉద్యోగం మానెయ్యాలా?

మానొద్దు తమ్ముడూ. ఇనుము కరిగించే కొలిమి, అదే బ్లాస్ట్ ఫర్నేస్, ఒకసారి వెలిగిస్తే ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ మండుతూనే ఉండాలని నీకు నాకంటే బాగా తెలుసు. ఆసుపత్రీ అంతే. ఒక క్రిస్మస్ రాత్రి నేను కాన్పుల వార్డులో ఉన్నాను, మా వాళ్ళందరూ మందిరంలో కీర్తనలు పాడుతున్న టైముకి నేను అప్పుడే పుట్టిన బిడ్డ నోట్లోంచి ఉమ్మనీరు తీస్తున్నాను, వాడు ఏడవడానికి కాసేపు పట్టింది, వాడు ఏడ్చాక నేనూ ఏడ్చాను. ఆ రోజు ఇంటికి వెళ్ళలేదన్న దిగులు ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రాత్రి నేను దేవుడికి దూరంగా ఉన్నానని ఏ కోశానా అనిపించదు.

ఆ పెద్దాయనకి తెలియని సంగతి ఒకటుంది. రోమా సామ్రాజ్యంలో ఆదివారాన్ని సెలవు రోజుగా ప్రకటించింది కాన్‌స్టంటైన్ చక్రవర్తి, అది క్రీ.శ. 321లో. అంటే అంతకుముందు దాదాపు మూడు వందల ఏళ్ళు విశ్వాసులకి ఆదివారం సెలవే లేదు. వాళ్ళలో చాలామంది బానిసలు, కూలివాళ్ళు. సుమారు 112లో ప్లినీ అనే రోమా గవర్నరు తన చక్రవర్తికి రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది, అందులో ఈ క్రైస్తవులు ఒక నిర్ణీత రోజున తెల్లవారకముందే కలుసుకుంటారని రాశాడు. మనసులో ఉంచుకో, వాళ్ళూ నీలాగే టైము వెతుక్కున్నవాళ్ళే. విశ్రాంతి దినం మనిషి కోసమే గానీ మనిషి విశ్రాంతి దినం కోసం కాదని ప్రభువు చెప్పింది మార్కు 2:27లో ఉంది.

నీ వీక్లీ ఆఫ్ ఏ రోజో పాస్టరు గారికి చెప్పి ఆ సాయంత్రం మీ ఇంట్లో చిన్న కూటం పెట్టించుకో. నీలాంటి షిఫ్టు వాళ్ళు మీ సంఘంలో ఇంకో నలుగురు తప్పకుండా ఉంటారు. ఆ పెద్దాయన ఇంటికి ఒంటరిగా వెళ్ళి "మీ మాట నన్ను కోసింది" అని ఎదురుగా చెప్పు, వీధిలో చెప్పుకోకు. ఒక్క విషయం మాత్రం నిన్ను అడగాలి. బీ షిఫ్టు మధ్యాహ్నం 2కి కదా, ఆ ఆదివారం పొద్దున ఏం చేస్తున్నావు? నిద్రపోతున్నానంటే నేను తప్పు పట్టను, రాత్రంతా సీ షిఫ్టు చేసిన ఒళ్ళు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆ పెద్దాయన మీద కోపంతో ఆ పూట కూడా మానేస్తుంటే, అది షిఫ్టు తప్పు కాదు.

అడవివరం దగ్గర నుంచి ఒక సోదరి: ఆంటీ, మాది ప్రేమ పెళ్ళి. మా వారి కుటుంబం హిందువులు, సింహాద్రి అప్పన్న అంటే మా అత్తయ్యకి ప్రాణం. నన్ను బాగానే చూస్తారు, ఆదివారం మందిరానికి వెళ్తే ఆపరు. కానీ కొండ నుంచి వచ్చినప్పుడల్లా ప్రసాదం చేతిలో పెడతారు. నేను తీసుకుని తర్వాత ఎవరూ చూడకుండా పక్కన పడేస్తున్నాను. పైగా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కడానికి నా చెయ్యి పట్టుకుంటానంటారు. వెళ్తే మా అమ్మ వాళ్ళు "రాజీ పడ్డావు" అంటారు. వెళ్ళకపోతే ఇంట్లో ముఖాలు మాడతాయి.

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ పడేయడం ఆపు. నువ్వు ప్రసాదం తినకపోవడం కంటే, తింటున్నట్టు నటించి పారేయడం ఎక్కువ బాధపెట్టే పని. ఆవిడకి అది దేవుడి దగ్గర నుంచి నీకోసం మోసుకొచ్చిన ప్రేమ. ఏదో ఒక రోజు చెత్తబుట్టలో కనబడుతుంది. ఆ రోజు ఆవిడ మనసు విరిగితే అతికించడం చాలా కష్టం.

తినాలా వద్దా అన్నది కొత్త ప్రశ్న కాదు. కొరింథులో విశ్వాసులు, విగ్రహాలకి అర్పించింది తినొచ్చా అని, ఇదే అడిగితే పౌలు మొదటి కొరింథీ పత్రికలో 8వ అధ్యాయం నుంచి 10 దాకా దాని మీదే రాశాడు. బజారులో అమ్మే మాంసం ఎక్కడిదని ఆరా తీయకుండా కొనుక్కో, ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది తిను, కానీ ఇది అర్పించినదని ఎదుటివాళ్ళు చెబితే మాత్రం తినొద్దు, అది కూడా నీ మనస్సాక్షి కోసం కాదు, చెప్పినవాళ్ళ మనస్సాక్షి కోసం. నేనైతే తీసుకోను. తీసుకునేవాళ్ళు మన సంఘాల్లోనే ఉన్నారని కూడా తెలుసు, వాళ్ళని చిన్నచూపు చూడను, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చొద్దన్న రోమా 14 నా నోరు కట్టేస్తుంది. కాబట్టి నువ్వు ఆవిడ పక్కన కూర్చుని, ఇంట్లో మిగతావాళ్ళు లేనప్పుడు, "అత్తయ్యా, మా విశ్వాసంలో నేను ఇది తినను, మీ మీద గౌరవం లేక కాదు, ఇన్నాళ్ళు చెప్పడానికి భయపడ్డాను, క్షమించండి" అని చెప్పు. అంతకుముందే మీ ఆయనకి చెప్పు. భర్త చెప్పాల్సిన మాట భార్య చేత చెప్పించి అవతల గదిలో టీవీ చూసే మగవాళ్ళంటే నాకు కోపం.

ఇక చెయ్యి పట్టుకోవడం. రెండో రాజుల గ్రంథం 5వ అధ్యాయంలో నయమాను ఉన్నాడు కదా, కుష్ఠు బాగుపడిన సిరియా సేనాధిపతి. బాగయ్యాక ఎలీషాని అతను ఒక్కటి అడిగాడు. మా రాజు రిమ్మోను గుడిలోకి వెళ్ళేటప్పుడు నా చేతి మీద ఆనుకుంటాడు, ఆయనతో పాటు నేనూ వంగాల్సి వస్తుంది, దాన్ని దేవుడు క్షమించాలి అని. ప్రవక్త ఏమన్నాడు? తిట్టలేదు, ప్రసంగం చెయ్యలేదు, మనసులో నెమ్మది కలిగి వెళ్ళమన్నాడు. ముసలి చెయ్యి ఆనుకోవడానికి నీ చెయ్యి ఇవ్వడం పూజ చేయడం కాదమ్మా. మీ అమ్మగారికి ఈ అధ్యాయం చదివి వినిపించు, నా పేరు చెప్పి వినిపించినా ఫరవాలేదు.

ఇంకో మాట చెప్పాలి. ఆషాఢ పౌర్ణమికి ముందు గిరి ప్రదక్షిణ ఉంటుంది కదా, కొండ కింద తొలి పావంచా, అంటే తొలి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. ఆ జనం వెంకోజీపాలెంలో మా వీధి చివర నుంచే వెళ్తారు. నేను ఏటా అక్కడ మంచినీళ్ళ డ్రమ్ము పెడతాను, బొబ్బలెక్కిన కాళ్ళకి కట్టు కడతాను. ఒకసారి మా సంఘంలోనే ఒకావిడ "అదేంటి సిస్టర్, వాళ్ళకెందుకు" అని అడిగింది. దాహంతో ఉన్నవాడు ఎటు నడుస్తున్నాడో చూసి నీళ్ళివ్వమని మత్తయి 25లో ఎక్కడా లేదు. మోకాళ్ళ నొప్పులతో కూడా మీ అత్తగారు ఈసారి ఆ నడక నడిచి రాత్రి ఇంటికి చేరితే, బకెట్‌లో గోరువెచ్చటి నీళ్ళు పట్టి, ముందు నీ చెయ్యి పెట్టి వేడి చూసి, ఆవిడ కాళ్ళు అందులో పెట్టి కడుగు. షుగరు ఉంటే వేళ్ళ మధ్య తడి లేకుండా తుడువు, బొబ్బ చిదమకు. యోహాను 13లో ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగింది మనకి బాగా తెలిసిన అధ్యాయమే. దాన్ని నీ ఇంట్లో చేసే అవకాశం నీకు దొరికింది.

మర్రిపాలెం నుంచి ఒక సోదరుడు: అక్కయ్యకు వందనాలు. మా సంఘంలో ఒక బ్రదర్‌కి కూతురి పెళ్ళికని 2 లక్షలు అప్పు ఇచ్చాను. ప్రోనోటు రాశారు. రెండేళ్ళ నాలుగు నెలలు అయింది, ఒక్క రూపాయి ఇవ్వలేదు. అడిగితే "క్షమించాలి బ్రదర్, దేవుడు చూసుకుంటాడు" అంటారు. పోయిన నెల కొత్త బండి కొన్నారు. ఆయన లేచి సాక్ష్యం చెబుతుంటే నాకు కీర్తన పాడటానికి నోరు రావట్లేదు. క్షమించడమంటే డబ్బు వదులుకోవడమేనా? కోర్టుకి వెళ్తే పాపమా?

క్షమించడం వేరు, బాకీ వేరు. లోపల కక్ష పెట్టుకోకుండా ఉండటం నీ పని, తీసుకున్నది తిరిగి ఇవ్వడం ఆయన పని. బాకీని వదిలేయడం నువ్వు ఇష్టపడి ఇచ్చే కానుక అయితే కావచ్చు, తీసుకున్నవాడు వాక్యం చూపించి లాక్కునే హక్కు కాదు. ఈ మాట గట్టిగా అంటున్నాను ఎందుకంటే మన సంఘాల్లో ఇది జబ్బులా పాకింది, ప్రార్థన మాటలతో అప్పు ఎగ్గొట్టడం. పైన చెప్పిన ప్లినీ ఉత్తరంలోనే ఇంకో సంగతి ఉంది. ఆ తెల్లవారుజాము కూటంలో విశ్వాసులు ఒట్టు పెట్టుకునేవారట, దొంగతనం చెయ్యం, వ్యభిచారం చెయ్యం, మాట తప్పం, మా దగ్గర దాచుకున్న సొమ్ము అడిగితే లేదనం అని. అన్యుడైన గవర్నరు విచారణ చేస్తే మన గురించి తెలిసింది ఇది! జక్కయ్య కూడా ప్రభువు తన ఇంటికి వచ్చినప్పుడు అన్నాడు, అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానని.

ఏం చెయ్యాలంటే, మత్తయి 18:15 నుంచి చదువు. ముందు ఒంటరిగా అడగాలి, అది అయిపోయింది. ఇప్పుడు ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్ళు. వెళ్ళేటప్పుడు నోటు పట్టుకెళ్ళు. నోటు తేదీ నుంచి మూడేళ్ళలోపే దావా వెయ్యాలి, ఆ తర్వాత కాలదోషం పడుతుంది, నీకు ఎనిమిది నెలలే ఉంది. ఆయన నిజంగా ఇబ్బందిలో ఉంటే వెయ్యి రూపాయలైనా ఇప్పించి నోటు వెనక తేదీతో చెల్లు రాయించి సంతకం పెట్టించు, గడువులోపల అలా చేస్తే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. నెలకి ఎంత ఇస్తారో పెద్దల ఎదుటే రాసుకోండి. వినకపోతే సంఘానికి చెప్పాలి.

కోర్టు గురించి మొదటి కొరింథీ 6లో పౌలు నొచ్చుకున్న మాట నిజం. కానీ ఆయన ముందు సిగ్గుపరిచింది సంఘాన్ని, మీలో తీర్పు చెప్పే బుద్ధిమంతుడు ఒక్కడూ లేడా అని. కాబట్టి మీ పెద్దలు ఈ మాట వినం, మాకెందుకు అని తప్పుకుంటే తప్పు వాళ్ళది కూడా. అన్నీ అయ్యాక లాయరు దగ్గరికి వెళ్తే నేను నిన్ను పాపి అనను. మనసులో పగ లేకుండా వెళ్ళగలవా అన్నదే నీకూ దేవుడికీ మధ్య ఉండే సంగతి.

ఒకటి నిన్ను కూడా అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నోటులో రెండు రూపాయల వడ్డీ అని రాయించావా? అంటే ఏడాదికి నూటికి 24. కూతురి పెళ్ళి కష్టంలో ఉన్న సోదరుడి దగ్గర ఆ వడ్డీ తీసుకుంటే, బీదవాడికి అప్పిస్తే వడ్డీ తీసుకోవద్దన్న నిర్గమకాండం 22:25 ముందు నువ్వు కూడా నిలబడాలి. అలా రాయించి ఉంటే, పెద్దల ముందు మొదటి మాటగా "వడ్డీ వద్దు, అసలు ఇవ్వండి చాలు" అను.

పెద జాలారిపేట నుంచి ఒక అమ్మాయి: ఆంటీ, మా అమ్మ గంపలో చేపలు పెట్టుకుని ఎంవీపీ కాలనీలో తిరిగి అమ్ముతుంది. నేను డిగ్రీ చదువుతున్నాను. నిన్న మిగిలి ఐసులో పెట్టిన కానాగంతల్ని "ఇవాళ వేటవే" అని అమ్మేస్తుంది. తప్పమ్మా అంటే "ఆ అబద్ధంతోనే నీ ఫీజు కట్టాను" అంది. నేనేం మాట్లాడలేకపోయాను.

మీ అమ్మని నువ్వు దిద్దే ముందు నన్ను కొంచెం మాట్లాడనివ్వు, ఎందుకంటే నేను ఆ గంప ముందు కూర్చున్న ఆడదాన్నే. ఎన్నో ఏళ్ళు పది రూపాయల కోసం ఆ అమ్మలతో గంటసేపు బేరం ఆడి, అదే వారం కానుకల సంచిలో వంద వేసి తృప్తిపడ్డాను. "నిన్నటిది" అని నిజం చెప్పిన ఆమెని దాటి, అబద్ధం చెప్పిన ఆమె దగ్గర కొన్నాను. మీ అమ్మ చేత ఆ అబద్ధం ఆడించడంలో నాలాంటి వాళ్ళ చెయ్యి ఉంది. దీన్ని నేను దేవుడి ముందు ఒప్పుకున్నాను, ఇక్కడా ఒప్పుకుంటున్నాను.

తప్పు మాత్రం తప్పే. ద్వితీయోపదేశకాండం 25లో సంచిలో రెండు రకాల తూకపు రాళ్ళు ఉంచుకోవద్దని చెప్పిన దేవుడికి, నాలుక మీద రెండు రకాల చేపలు కూడా ఇష్టం ఉండవు. అయితే అమ్మకి వాక్యం ఎత్తి చూపించకు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉన్నప్పుడు మీ ఇల్లు ఎలా గడుస్తుందో నువ్వు చూశావు, ఆ భయం ఆమె కడుపులో ఏడాది పొడవునా ఉంటుంది. ఒక శనివారం ఆమెతో పాటు గంప వెంట వెళ్ళు. "ఇవి నిన్నటివి అమ్మగారూ, ఐసులో పెట్టాం, పులుసుకి బాగుంటాయి, తగ్గించి ఇస్తాం" అని నువ్వు చెప్పు. మొప్పలు ఎత్తి చూస్తే ఎరుపు తగ్గిందని కొనేవాళ్ళకి ఎలాగూ తెలుస్తుంది. కొంత నష్టం వస్తుంది, రాదని నేను నీకు మాటివ్వను. నాలుగిళ్ళు నమ్మకంగా కుదిరితే అది మెల్లగా సర్దుకోవచ్చు. ఆ నాలుగిళ్ళలో మాది ఒకటి, పత్రిక ఆఫీసుకి ఉత్తరం రాస్తే అడ్రసు పంపిస్తారు.

పెందుర్తి నుంచి ఒక సోదరి: అక్కా, నాన్నకి పక్షవాతం వచ్చి మూడేళ్ళు. అన్నయ్యలిద్దరూ హైదరాబాద్‌లో, ఫోన్‌లో ప్రార్థన చేస్తారు. అన్నీ నేనే. బైబిలు తెరిచి నెల దాటింది, మోకాళ్ళ మీద ఉంటే అక్కడే నిద్రపోతున్నాను. పోయిన వారం మంచం మళ్ళీ తడిపేస్తే నాన్న మీద చెయ్యి చేసుకున్నాను. ఆయన మాట్లాడలేరు, కళ్ళలో నీళ్ళొచ్చాయి. నేను విశ్వాసినేనా?

నీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. చెయ్యి చేసుకోవడం తప్పే తల్లీ, తప్పు కాదని చెప్పి నిన్ను ఓదార్చను. ఇవాళే నాన్న మంచం దగ్గర కూర్చుని, చెయ్యి పట్టుకుని, పైకి వినబడేలా క్షమాపణ అడుగు. మాట పోయిన చాలామందికి వినికిడి, అర్థం చేసుకోవడం పోవు. నేను వార్డులో చూశాను, అలాంటి మాటకి వేలు కదుపుతారు, కళ్ళు మూసి తెరుస్తారు.

నువ్వు విశ్వాసివే. ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని చచ్చిపోతానన్నప్పుడు దేవుడు అతనికి వాక్యం చెప్పలేదు. దూత వచ్చి రొట్టె, నీళ్ళు పెట్టాడు, అతను తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. మొదటి రాజులు 19లో ఉంది. మోకాళ్ళ మీద నీకొచ్చే నిద్రకి దేవుడు నొచ్చుకోడు. 88వ కీర్తన ఒకసారి చదువు, అది చీకటిలోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా లేదు, అయినా అది బైబిల్లో ఉంది. అంతసేపు చదవలేకపోతే వద్దు. నాన్నని పక్కకి తిప్పేటప్పుడు "ప్రభువా, పట్టుకో" అను, అది చాలు.

అన్నయ్యలకి ఈ పేజీ ఫోటో తీసి పంపు. అన్నలూ, మీ ప్రార్థన మంచిదే, దానితో పాటు నెలనెలా ఒక ఆయాకి జీతం పంపండి, రెండు నెలలకోసారి వారం రోజులు వచ్చి మంచం పక్కన పడుకోండి. మీ సంఘంలో స్త్రీల సమాజం ఉంటే వారానికి ఒక రాత్రి ఒకరు వచ్చి ఉండమని నేను అడిగానని చెప్పు, సిగ్గుపడకు, వాళ్ళు వచ్చిన రాత్రి నువ్వు వేరే గదిలో తలుపేసుకుని పడుకో.

నాన్నని రెండు గంటలకోసారి ఇటు నుంచి అటు తిప్పుతున్నావా? గాలి పరుపు ఉంటే కూడా తిప్పాలి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకి తగలకుండా చూడు. నడుము కింద ఎర్రబడితే దాన్ని రుద్దకు, వేలితో నొక్కి చూడు, నొక్కినా ఎరుపు తెల్లబడకుండా అలాగే ఉండిపోతే ఆ రోజే నర్సుకో డాక్టరుకో చూపించు. వచ్చే నెలకి ఆయన వీపు ఎలా ఉందో, నువ్వు ఎన్ని గంటలు పడుకున్నావో, రెండూ నాకు రాయి.